టెక్సాస్‌లో మోల్డ్ (బూజు) తీసేవాళ్లకి స్టేట్ లైసెన్స్ తప్పనిసరా? టెస్టు, రిపేరు, క్లియరెన్స్ అన్నీ మేమే అంటున్నారు

ఫ్రిస్కో_శ్రీను
మేడ మీద బాత్రూంలో సింకు పైపు గోడలోపల ఎప్పటినుంచో కారుతోందట. కింద గెస్ట్ బెడ్‌రూంలో బీరువా జరిపి చూస్తే గోడంతా నల్లగా బూజు. బేస్‌బోర్డు వేలితో నొక్కితే అట్టముక్కలా లోపలికి దిగిపోతోంది. ప్లంబర్ వచ్చి లీకు ఆపాడు, అంతవరకు సరే.

ఆన్‌లైన్‌లో చూసి ఒక కంపెనీకి ఫోన్ చేస్తే ఫ్రీ ఇన్‌స్పెక్షన్ అని వచ్చారు. గోడకి మీటర్ పెట్టాడు, టేపు అంటించి శాంపిల్ తీశాడు. ఇంకా ల్యాబుకి కూడా పంపలేదు, అప్పుడే "ఇది బ్లాక్ మోల్డ్, చాలా డేంజర్, ఇవాళ సంతకం పెడితే డిస్కౌంట్" అన్నాడు. 9,800 డాలర్లు. మొదటి టెస్టు, గోడ కోసి తీయడం, చివర్లో క్లియర్ అయిందని కాగితం ఇవ్వడం, మూడూ వాళ్లేనట. స్టేట్ లైసెన్స్ నంబర్ అడిగితే "మాకు సర్టిఫికేషన్ ఉంది, అది చాలు" అన్నాడు. పక్కింటాయనేమో లైసెన్సు రూల్ పెద్ద బిల్డింగులకే, ఇళ్లకి కాదంటున్నాడు.

వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు, వాళ్లకి ఇవ్వాల్సింది ఆ రూమే. నాన్నకి ఆస్తమా. ఎవరి మాట నమ్మాలి?

కేటీ_అక్క
సంతకం పెట్టకు తమ్ముడూ. టెక్సాస్‌లో ఒకే ప్రాజెక్టుకి అసెస్‌మెంట్ చేసేవాళ్లు, అంటే మోల్డ్ ఎంత ఉందో చూసి చెప్పేవాళ్లు, దాన్ని తీసేవాళ్లు ఒకరే ఉండకూడదు. అది చట్టంలోనే ఉంది. మూడూ మేమే అన్నాడంటే అక్కడే దొరికిపోయాడు.

డీఐవై_రెడ్డి
నాలుగు షీట్ల డ్రైవాల్‌కి పదివేలా? హోమ్ డిపోకి పోయి మాస్కు, బ్లీచ్, ఒక రంపం తెచ్చుకో. శనివారం పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి అయిపోతది. సొంతింటికి లైసెన్సేంది భాయ్.

ప్లేనో_ఇన్‌స్పెక్టర్
రెడ్డి గారు చెప్పినదాంట్లో ఒకటి నిజం, ఒకటి కాదు. సొంతింట్లో మీరే తీసుకుంటే టెక్సాస్‌లో లైసెన్స్ అక్కర్లేదు, నిజమే. బ్లీచ్ సంగతి కింద చెప్తాను.

నేను హోమ్ ఇన్‌స్పెక్టర్‌ని. నా లైసెన్స్ రియల్ ఎస్టేట్ కమిషన్ ఇచ్చింది. దానితో ఇల్లంతా చూసి రిపోర్ట్ రాయొచ్చు గానీ మోల్డ్ అసెస్‌మెంట్ చేసి ప్రోటోకాల్ రాసే హక్కు నాకు లేదు. దానికి టీడీఎల్‌ఆర్, అంటే టెక్సాస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ లైసెన్సింగ్ అండ్ రెగ్యులేషన్, విడిగా లైసెన్స్ ఇస్తుంది. 2017 నవంబరు దాకా ఇది హెల్త్ డిపార్ట్‌మెంట్ కింద ఉండేది, తర్వాత వీళ్ల చేతికి వచ్చింది.

లెక్క ఇది. కంటికి కనిపించే మోల్డ్ ఒకే చోట ఆనుకుని 25 చదరపు అడుగులు, అంతకు పైన ఉంటే, డబ్బు తీసుకుని తీసేవాడికి లైసెన్స్ ఉండాలి. ఇల్లా, ఆఫీసా అని తేడా లేదు, మీ పక్కింటాయన చెప్పింది తప్పు. 25 లోపైతే లైసెన్స్ లేనివాళ్లు కూడా చేయొచ్చు. కాబట్టి శ్రీను గారూ, ముందు టేపు పెట్టి కొలవండి.

25 దాటితే వరస ఇలా నడుస్తుంది. అసెస్‌మెంట్ కన్సల్టెంట్ వచ్చి చూసి ప్రోటోకాల్ రాస్తాడు: ఎంత మేర కోయాలి, ఏ వస్తువులు పారేయాలి, గదిని ఎలా మూసేయాలి, పని అయ్యాక ఏ పరీక్షలో పాసవ్వాలి. దాన్ని బట్టి రెమెడియేషన్ కాంట్రాక్టర్, అంటే మోల్డ్ తీసేవాడు, వర్క్ ప్లాన్ రాస్తాడు. పని మొదలుపెట్టడానికి కనీసం 5 రోజుల ముందు టీడీఎల్‌ఆర్‌కి తెలియజేయాలి, అత్యవసరమైతే సడలింపు ఉంది. పనయ్యాక మళ్లీ అసెస్‌మెంట్ మనిషి వచ్చి పాసో ఫెయిలో చెప్తాడు. పాసైతే కాంట్రాక్టర్ 10 రోజుల్లోపు మీకు సర్టిఫికెట్ ఆఫ్ మోల్డ్ డ్యామేజ్ రెమెడియేషన్ ఇవ్వాలి. దాని మీద కన్సల్టెంట్ కూడా సంతకం పెట్టాలి. మోల్డ్ పోయిందనే కాదు, దానికి కారణమైన నీళ్ల సమస్య కూడా తీరిందని అందులో ఉంటుంది.

ఎవరు ఎంత కోయాలో చెప్పేవాడికి ఆ కోతలో లాభం ఉండకూడదు. ఈ చట్టంలో నాకు అన్నిటికంటే నచ్చేది అదే. ఒకే ప్రాజెక్టులో రెండు పనులు చేసే రెండు కంపెనీల్లో ఒకే మనిషికి వాటా కూడా ఉండకూడదు. పేరు మార్చి తమ్ముడితో ఇంకో కంపెనీ పెట్టించేవాళ్లున్నారు, ఆ వేషాలు కనిపెట్టండి.

డీఐవై_రెడ్డి
సరే అన్నా, మరి బ్లీచ్‌కేమైంది? మా అపార్ట్‌మెంట్ల బాత్రూంల అదే కొడతరు.

ప్లేనో_ఇన్‌స్పెక్టర్
టైల్స్ మీదైతే తుడిస్తే పోతుంది. డ్రైవాల్ అంటే కాగితం, జిప్సం. మోల్డ్ ఆ కాగితాన్ని తింటూ లోపలికి వెళ్తుంది. పైన బ్లీచ్ కొడితే రంగు పోతుంది, లోపల మోల్డ్ అలాగే ఉంటుంది, పైగా దాంట్లో నీళ్లు గోడకే పడతాయి. మోల్డ్ తీయడానికి బ్లీచ్‌ని మామూలుగా వాడమని ఫెడరల్ పర్యావరణ ఏజెన్సీ ఈపీఏ కూడా చెప్పదు. అలాంటి మెత్తటి మెటీరియల్‌ని కోసి పారేయాల్సిందే. చచ్చిన మోల్డ్‌కి కూడా ఎలర్జీ వస్తుంది, చంపడంతో పని అయిపోదు.

ఫ్రిస్కో_శ్రీను
కొలిచాను. బీరువా వెనక గోడ మీద 9 అడుగుల పొడవు, ఎత్తు కొన్నిచోట్ల 3, కొన్నిచోట్ల 4. ఎలా చూసినా 25 దాటింది. బీరువా వెనక ప్లైవుడ్‌కి కూడా తెల్లగా పట్టింది.

టీడీఎల్‌ఆర్ సైట్‌లో ఆ కంపెనీ పేరుతో వెతికితే ఏమీ రాలేదు. వాడి సొంత పేరుతో కూడా లేదు.

కేటీ_అక్క
అయితే ఇంక ఆలోచించేదేముంది. వాడి నంబర్ బ్లాక్ చెయ్యి. టీడీఎల్‌ఆర్‌కి కంప్లెయింట్ కూడా ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. ఇంకో ఇంటికి వెళ్లి ఇదే పాట పాడకుండా.

మాకు 2021 ఫిబ్రవరి మంచు తుఫానుకి అటిక్‌లో పైపు పగిలింది. ఆ టైంలో ఎవరు దొరికితే వాళ్లని పిలిచేశారు జనం. మా వీధిలో ఒక ఇంటికి వచ్చిన కాంట్రాక్టర్ 40 చదరపు అడుగుల మోల్డ్‌ని "24" అని రాసి, లైసెన్స్ అక్కర్లేకుండా పని కానిచ్చాడు. ఇల్లుగలావిడకి తక్కువలో అయిపోయిందని సంతోషం. తర్వాత ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల ఇన్‌స్పెక్టర్‌కి గోడలో మరకలు కనపడ్డాయి, చూపించడానికి సర్టిఫికెట్ లేదు. చివరికి మళ్లీ కోయించి, మళ్లీ కట్టించి, అప్పుడు అమ్మింది.

బఫెలో_బావ
న్యూయార్క్‌లో ఇంకా గట్టిగా ఉంది. ఇక్కడ 10 చదరపు అడుగులకే లైసెన్స్. 2012లో శాండీ తుఫాను తర్వాత నీళ్లు నిలిచిన ఇళ్లలో ఎవడు పడితే వాడు మోల్డ్ స్పెషలిస్టు అయిపోయాడని లేబర్ లాలో ఆర్టికల్ 32 తెచ్చారు, 2016 జనవరి 1 నుంచి అమలు. అసెస్సర్, కాంట్రాక్టర్, చేత్తో పనిచేసే వర్కర్, ముగ్గురికీ వేరు వేరు లైసెన్సులు. వర్కర్‌కి కూడా ఉండాలన్నది నాకు నచ్చింది. గోడ కోసేది కంపెనీ ఓనర్ కాదు కదా, వర్కరే, వాడికి తెలియాలి దుమ్ము ఎటు పోతుందో.

కేటీ_అక్క
బావా, మీ ఊళ్లో ఏడాదికి ఆరు నెలలు మంచే కదా, మోల్డ్ బతుకుతుందా?

బఫెలో_బావ
బేస్‌మెంట్‌కొచ్చి చూడు అక్కా. మంచు కరిగిందంటే నీళ్లన్నీ అక్కడికే. వేసవంతా డీహ్యుమిడిఫయర్ నడుస్తూనే ఉండాలి.

రిచ్‌మండ్_రావు
అందరూ లైసెన్స్ లైసెన్స్ అంటున్నారు గానీ నా అభిప్రాయం వేరు. వర్జీనియాలో ఒకప్పుడు మోల్డ్ లైసెన్స్ ఉండేది, 2012 జూలైలో తీసేశారు. దానివల్ల మాకేం ఆకాశం ఊడిపడలేదు. మంచి కాంట్రాక్టర్ లైసెన్స్ లేకపోయినా మంచోడే, చెడ్డోడు లైసెన్స్ గోడకి తగిలించుకుని కూడా మోసం చేస్తాడు. లైసెన్స్ ఉన్న చోట రేట్లు పెరుగుతాయి, కాగితాలు పెరుగుతాయి. శ్రీను గారు ఇప్పుడు కన్సల్టెంట్‌కి విడిగా డబ్బు, కాంట్రాక్టర్‌కి విడిగా డబ్బు, ఆపైన 5 రోజుల నోటీసు. అమ్మానాన్న ఫ్లైట్ ఆగుతుందా?

ప్లేనో_ఇన్‌స్పెక్టర్
రావు గారూ, ఖర్చు సంగతి ఒప్పుకుంటాను. కన్సల్టెంట్ ఫీజు అదనమే. కానీ ఇప్పుడు ఆయనకి చెప్పిన 9,800 ఎవరి కొలత మీద వచ్చింది? అమ్మేవాడి కొలత మీదే కదా. బయటివాడు రాసిన ప్రోటోకాల్ చేతిలో ఉంటే అదే కాగితం ముగ్గురికి పంపి ధర అడగొచ్చు. అప్పుడు ముగ్గురూ ఒకే పనికి ధర చెప్తారు. లేకపోతే ఒకడు సగం గోడకి, ఇంకొకడు మొత్తం రూముకి, ఇద్దరి కొటేషన్లు పక్కపక్కన పెట్టినా అర్థం కాదు.

ఇంకోటి, టెక్సాస్ చట్టం ఊరికే రాలేదు. 2001లో ఆస్టిన్ దగ్గర డ్రిప్పింగ్ స్ప్రింగ్స్‌లో మెలిండా బల్లార్డ్ అనే ఆవిడ ఇంటి మోల్డ్ కేసులో జ్యూరీ ఇన్సూరెన్స్ కంపెనీ మీద 3.2 కోట్ల డాలర్ల తీర్పు ఇచ్చింది. అప్పీల్లో బాగా తగ్గింది, అది వేరే సంగతి. ఆ రోజుల్లో రాష్ట్రమంతా మోల్డ్ క్లెయిములు, మోల్డ్ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. 2003లో లెజిస్లేచర్ ఈ చట్టం చేసింది.

రిచ్‌మండ్_రావు
ఒకే కాగితం మీద ముగ్గురి దగ్గర ధర అన్నది మంచి మాట. దానికి లైసెన్స్ అక్కర్లేదనే నేను అంటున్నది. ఎవరైనా చేయించుకోవచ్చు.

కమ్మింగ్_కిరణ్
రావు గారి మాటకి నాదొక ఉదాహరణ, సగం ఆయన వైపు, సగం కాదు. జార్జియాలో మోల్డ్‌కి స్టేట్ లైసెన్స్ లేదు. మా ఇంటి నేల కింద ఉండే క్రాల్‌స్పేస్‌లో జాయిస్టులకి, అంటే నేలని మోసే చెక్క దూలాలకి, పట్టింది. నేను ముందు విడిగా ఒక ఇండస్ట్రియల్ హైజీనిస్ట్‌ని (ఇలాంటివి పరీక్షించే నిపుణుడు) పెట్టుకున్నాను, ఆయన మోల్డ్ తీసే పని చేయడు, ఏ కంపెనీనీ రికమెండ్ కూడా చేయనన్నాడు. ఆయన రాసిన స్కోప్‌ని కాంట్రాక్టులో అతికించాం. ఐఐసీఆర్‌సీ ఎస్520 అనే మోల్డ్ పని ప్రమాణం ప్రకారం పని జరగాలి, ఆఖరి 30 శాతం హైజీనిస్ట్ క్లియరెన్స్ ఇచ్చాకే చెల్లిస్తాం, ఫెయిలైతే మళ్లీ శుభ్రం చేసే ఖర్చు కాంట్రాక్టర్‌దే అని రాసుకున్నాం. ఈ మూడో లైనుకి ఇద్దరు కాంట్రాక్టర్లు పారిపోయారు, మూడోవాడు ఒప్పుకున్నాడు.

అయింది, బాగానే అయింది. కానీ దీనికి నేను రాత్రుళ్లు కూర్చుని చదవాల్సి వచ్చింది. మా అత్తగారి వయసు వాళ్లకి ఇది సాధ్యమా? టెక్సాస్‌లోనైతే అంత చదవకపోయినా చట్టమే వాళ్లని విడదీస్తుంది. నాకైతే జార్జియాలో కూడా ఉండాలనే ఉంది.

ఫోర్ట్‌మయర్స్_రమణి
ఫ్లోరిడాలో డీబీపీఆర్ అనే స్టేట్ డిపార్ట్‌మెంట్ ఇచ్చే లైసెన్స్. 10 చదరపు అడుగులు దాటితే కావాలి. మోల్డ్ తీసినవాడు అదే ఇంట్లో 12 నెలల్లోపు అసెస్‌మెంట్ చేయకూడదు, అసెస్ చేసినవాడు తీయకూడదు. 10 లక్షల డాలర్ల ఇన్సూరెన్స్ చూపించాలి.

ఇయాన్ తుఫాను తర్వాత మా కాలనీలో ఒకడు ఇంటింటికీ తిరిగాడు. "మీరు ఒక్క డాలర్ కట్టక్కర్లేదు, ఇక్కడ సంతకం పెట్టండి, ఇన్సూరెన్స్‌తో మేం చూసుకుంటాం." ఆ కాగితం పేరు అసైన్‌మెంట్ ఆఫ్ బెనిఫిట్స్. సంతకం పెడితే మన క్లెయిమ్ హక్కు వాడి చేతికి పోతుంది. పక్కింటి పెద్దాయన పెట్టేశారు, ఇన్సూరెన్స్‌కీ ఆ కంపెనీకీ కోర్టు నడుస్తుంటే ఈయన గోడల్లేని ఇంట్లో ఉన్నారు. 2023 జనవరి 1 నుంచి ఇచ్చిన ఇంటి పాలసీల్లో ఆ అసైన్‌మెంట్ చెల్లదని చట్టం వచ్చింది, చాలా మేలైంది. ఏ రాష్ట్రమైనా, హక్కులు బదిలీ చేసే కాగితం మీద సంతకం పెట్టకండి.

శాన్‌రామన్_సుధ
కాలిఫోర్నియాలో మోల్డ్‌కని లైసెన్స్ లేదు. కాంట్రాక్టర్ల బోర్డు లైసెన్స్ ఉందో లేదో చూసుకోవడమే. అద్దెకున్నవాళ్లకి మాత్రం ఒక మేలు ఉంది: 2016 నుంచి కంటికి కనిపించే మోల్డ్ ఉంటే ఇల్లు నాసిరకం కింద లెక్క, సిటీ కోడ్ వాళ్లని పిలవచ్చు. మా లీజింగ్ ఆఫీసు వాళ్లు దాని మీదే పెయింటు వేసి వెళ్లిపోతుంటే ఈ మాట చెప్పాను, అప్పుడు కదిలారు.

నాదో ప్రశ్న. అసలు శాంపిల్ టెస్టు కావాలా? బ్లాక్ మోల్డ్ అంటే అంత భయపడాలా?

ప్లేనో_ఇన్‌స్పెక్టర్
కంటికి కనిపిస్తుంటే చాలాసార్లు ముందు టెస్టు అక్కర్లేదని ఈపీఏ చెప్తుంది. గాలిలో ఇన్ని స్పోర్లు (మోల్డ్ విత్తనాల్లాంటి కణాలు) దాటితే తప్పు అని ఫెడరల్ లిమిట్ ఏదీ లేదు, కాబట్టి నంబర్ చూపించి భయపెడితే నమ్మొద్దు. రంగు కూడా ఏమీ చెప్పదు. నల్లనివన్నీ స్టాకీబోట్రిస్, అంటే జనం బ్లాక్ మోల్డ్ అని భయపడే రకం, కావు, ఆకుపచ్చవన్నీ మంచివి కావు. ఏ రకమైనా తీయాల్సిందే, తీసే పద్ధతి ఒకటే. ఆస్తమా ఉన్నవాళ్లకి ఏ మోల్డ్ అయినా ఇబ్బందే.

శ్రీను గారూ, నాన్నగారిని పని నడుస్తున్నప్పుడు ఆ ఇంట్లో ఉంచకండి. లేదా పనయ్యాకే రప్పించండి.

డీఐవై_రెడ్డి
అన్నా ఒకటి చెప్పు. పని మంచిగ చేస్తున్నడా లేదా అని మామూలు మనిషికి ఎట్ల తెల్వాలె? లైసెన్స్ ఉన్నా గోడ వెనక ఏం చేస్తడో మనకెట్ల కనవడతది.

కేటీ_అక్క
ఇది మంచి ప్రశ్న రెడ్డీ. మా ఇంట్లో నేను చూసింది చెప్తాను. తలుపుకి మందపాటి ప్లాస్టిక్ షీట్ కట్టి, మధ్యలో జిప్పు పెట్టారు. లోపల సన్నటి దుమ్ముని పట్టే హెపా ఫిల్టర్ ఉన్న మెషీన్ గాలిని లాగి పైపుతో కిటికీ బయటికి వదులుతుంది. అప్పుడు ఆ ప్లాస్టిక్ షీట్ గది లోపలివైపుకి గుంజుకుని బిగుతుగా ఉండాలి. షీట్ మనవైపు ఉబ్బిందంటే లోపలి దుమ్ము ఇంట్లోకి వస్తోందని అర్థం. ఒకరోజు మధ్యాహ్నం మా షీట్ వదులుగా ఊగుతుంటే తలుపు కొట్టి అడిగాను, మెషీన్ ప్లగ్ ఊడిపోయి ఉంది. వెంటనే పని ఆపి సరిచేశారు.

ఏసీ వెంట్లు, రిటర్న్ గ్రిల్ కూడా ఆ గదిలో ప్లాస్టిక్‌తో మూసేయాలి. అది మూయకుండా గోడ కోస్తే ఇల్లంతా పంచినట్టే. ఆ గదిలోంచి సంచులు తీసుకెళ్లేటప్పుడు మూతి కట్టి, బయట తుడిచి తీసుకెళ్లాలి. ఇవన్నీ ప్రోటోకాల్‌లో రాసి ఉంటాయి, కాపీ ఫ్రిజ్‌కి అంటించుకుని చూస్తుండు.

డీఐవై_రెడ్డి
షీట్ లోపలికి గుంజాలె. ఇది యాదికి పెట్టుకుంట అక్కా. శనివారం రంపం ముచ్చట వాపస్.

ఫ్రిస్కో_శ్రీను
కన్సల్టెంట్ దొరికాడు, లైసెన్స్ సైట్‌లో చూశాను, ఉంది. ఫోన్లోనే "నేను తీసే పని చేయను, చేసేవాళ్ల పేర్లు కూడా చెప్పను" అన్నాడు. గురువారం వస్తున్నాడు. అమ్మానాన్న ప్రయాణం మూడు వారాలు వాయిదా వేశాం.

ఇన్సూరెన్స్‌కి కూడా చెప్పాను. పాలసీలో మోల్డ్‌కి 5,000 డాలర్ల లిమిట్ ఉంది. అయితే నష్టం లెక్కచూసే ఇన్సూరెన్స్ అడ్జస్టర్ లీకు "అకస్మాత్తుగా" జరిగిందా, నెలల తరబడి కారిందా అని గుచ్చి గుచ్చి అడుగుతోంది.

కేటీ_అక్క
ప్లంబర్ ఏం రాసిచ్చాడో చూసుకో. తీసిన పైపు ముక్క పారేయకు, అడ్జస్టర్‌కి చూపించు. చాలా పాలసీల్లో అకస్మాత్తుగా జరిగిన నీటి నష్టం కవరవుతుంది, నెమ్మదిగా కారింది కాదు. తెలియని తేదీలు ఊహించి చెప్పొద్దు, చూసింది చూసినట్టు చెప్పు.

ప్లేనో_ఇన్‌స్పెక్టర్
దాంతోపాటు ఆ సర్టిఫికెట్ విలువ కూడా గుర్తుపెట్టుకోండి. సర్టిఫికెట్ ఉంటే పాత మోల్డ్ క్లెయిమ్‌ని కారణంగా చూపించి టెక్సాస్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ మీకు పాలసీ నిరాకరించకూడదు. ఇల్లు అమ్మితే గత 5 ఏళ్లలో వచ్చిన ఆ సర్టిఫికెట్ల కాపీలు కొనేవాళ్లకి ఇవ్వాలి కూడా. స్కాన్ చేసి ఇంటి కాగితాలతో దాచండి.

ప్రాస్పర్_లక్ష్మి
చర్చ మధ్యలో అడుగుతున్నా. మాది కొత్త ఇల్లు, ఇంకా వారంటీలో ఉంది. షవర్ వెనక మోల్డ్ వస్తే బిల్డర్ తన మనుషులనే పంపిస్తానంటున్నాడు, లైసెన్స్ అడిగితే మాకు అక్కర్లేదు అన్నాడు. వీడూ శ్రీను గారి కంపెనీ లాంటివాడేనా?

ప్లేనో_ఇన్‌స్పెక్టర్
లేదండీ, ఈయన చెప్పిందాంట్లో నిజం ఉంది. ఒకటి, రెండు కుటుంబాల ఇళ్లలో, కట్టినవాళ్లే తాము కట్టినదాన్ని రిపేరు చేస్తూ అదే సమయంలో మోల్డ్ తీస్తే లైసెన్స్ నుంచి మినహాయింపు ఉంది. మోల్డ్ పని బయటివాళ్లకి సర్వీసుగా అమ్మేవాళ్లకి అది వర్తించదు. కాబట్టి బిల్డర్‌ని ఆపలేరు. కానీ మినహాయింపు తీసేవాడికే, మీరు విడిగా కన్సల్టెంట్‌ని పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు. గోడ మూసేముందు ఆయన్ని పిలిచి చూపించండి. బిల్డర్‌కి ఈమెయిల్‌లో ముందే రాయండి: మా మనిషి చూసేదాకా డ్రైవాల్ వేయొద్దు అని.

ప్రాస్పర్_లక్ష్మి
ఖర్చు బిల్డర్ పెట్టుకుంటాడా?

ప్లేనో_ఇన్‌స్పెక్టర్
అడగండి, కొందరు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోయినా మీరే పెట్టుకోండి. షవర్ పాన్ (షవర్ కింద నీళ్లు ఆపే అడుగు భాగం) సరిగ్గా వేయకపోతే టైల్ వెనక మళ్లీ అదే వస్తుంది, అప్పటికి వారంటీ ఉండదు.

కమ్మింగ్_కిరణ్
లక్ష్మి గారూ, టైల్ వేయకముందు షవర్ పాన్‌లో నీళ్లు నింపి ఒక రాత్రి ఉంచమనండి. మట్టం తగ్గితే లీకు ఉన్నట్టే. నీళ్లు నింపినప్పుడు అంచు దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, తేదీ కనపడేలా ఫోటో తీయండి.

ప్రాస్పర్_లక్ష్మి
సోమవారం టైల్ వాళ్లు వస్తున్నారు. ఇప్పుడే ఈమెయిల్ పెడుతున్నా.